కాణి నుండి చదరపు అడుగు దాకా: చెన్నపట్టణపు తోట బంగళాల క్రయవిక్రయ చరిత్ర

ప్రవేశిక

చెన్నై నగరంలో ఇంటి స్థలాన్ని నేటికీ గ్రౌండ్లలో చెప్పుకుంటారు. ఒక గ్రౌండు 2,400 చదరపు అడుగులు. 24 గ్రౌండ్లు ఒక కాణి. కాణి అంటే 57,600 చదరపు అడుగులు, సుమారు 1.32 ఎకరాలు. పంతొమ్మిదో శతాబ్దం దాకా కోట వెలుపలి పెద్ద ఇళ్ల ఆవరణలు కాణుల్లో, ఎకరాల్లో చెప్పదగినంత విశాలమైనవి. ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో కొత్త పేటల ఇళ్లు గ్రౌండ్ల లెక్కకు వచ్చాయి. ఆ శతాబ్దం చివరికి అదే నేల మీద లేచిన ఫ్లాట్లు చదరపు అడుగుల్లో అమ్ముడుపోయాయి.

ఈ మార్పును సాధారణంగా జనసాంద్రత పెరిగిన ఫలితంగా చూస్తారు. అది పాక్షిక సత్యమే. కొలత మారినప్పుడల్లా అమ్ముడుపోయే వస్తువు కూడా మారింది. తొలి దశలో తోటతో కూడిన ఇల్లు అమ్ముడుపోయింది. తరువాతి దశలో స్థలమూ, దానిపై ఇల్లూ అమ్ముడుపోయాయి. చివరి దశలో స్థలం మాత్రమే అమ్ముడుపోయి, ఇల్లు ఆ స్థలానికి అడ్డంకిగా మిగిలింది. ఈ పరిణామానికి నగర వృద్ధితో పాటు పన్ను, స్టాంపు, గరిష్ఠ పరిమితి చట్టాలు భూమిని కట్టడం నుండి వేరుచేసి చూడటం ప్రధాన కారణమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. మద్రాసు తెలుగువారి నివాస చరిత్రకు, ముద్రణ చరిత్రకు కేంద్రం కావడం వల్ల ఈ విషయం తెలుగు పరిశోధకులకు పరాయిది కాదు.

'తోట' అనే మాట

కుంపిణీ కాలపు ఆంగ్ల రచనలు గార్డెన్ హౌస్ అని పిలిచిన ఇంటిని నాటి మద్రాసు తెలుగు 'తోట' అనే ఒక్క మాటతో చెప్పింది. సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరినప్పుడు, ప్రయాణపు తొలి ఘట్టంలో తండయారువీటిలోని తన తోటను పేర్కొన్నాడు. ఇక్కడ తోట అంటే చెట్లున్న చోటు మాత్రమే కాదు, ఊరి రద్దీకి దూరంగా ఉన్న విడిది కూడా. ఇల్లు తోటలో భాగమే కాని, తోట ఇంటికి అలంకారం కాదు.

ఈ భావన పాత క్రయదస్తావేజుల భాషలోనూ కనిపిస్తుంది. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలతో ఆస్తిని అప్పగించడం దక్షిణ దేశపు శాసనాల నుండి దస్తావేజులకు సంక్రమించిన సంప్రదాయం. పాతిపెట్టిన ధనం, నీరు, రాయి, ఇప్పటికే సిద్ధించిన ఫలం, ఇకముందు సాధించదగిన ఫలం అన్నీ ఇందులో చేరతాయి. కొన్ని పాఠాల్లో 'తరు' శబ్దం కూడా చేరి చెట్లను ప్రత్యేకంగా పేర్కొంటుంది. దీనిని వట్టి లేఖక సంప్రదాయంగా కొట్టివేయడం సరికాదు. అమ్మేది కొలతకు లొంగే వైశాల్యం మాత్రమే కాదనీ, ఆ చోట అనుభవించదగిన సమస్తమనీ ఆ సూత్రం చెబుతున్నది. నాలుగు హద్దులు ఆస్తిని గుర్తించడానికి, అష్టభోగాలు దానిని నిర్వచించడానికి ఉపయోగపడ్డాయి.

చేతులు మారిన ఇళ్లు: 1753–1906

తోట బంగళాల క్రయచరిత్రలో తొలి ప్రముఖ ఘట్టం కుంపిణీదే. 1746లో ఫ్రెంచివారు ఆక్రమించుకున్న మద్రాసు 1749లో ఇంగ్లీషువారికి తిరిగి దక్కింది. అటు తరువాత 1753లో గవర్నరు నివాసం కోసం మెడీరోస్ అనే పోర్చుగీసు వర్తక కుటుంబం నుండి తిరువల్లిక్కేణి ప్రాంతంలోని తోట ఇంటిని కుంపిణీ 3,500 వరహాలకు కొన్నది. కొత్త ఇల్లు కట్టకుండా, పెరిగిన తోటతో సహా ఉన్న ఇంటిని కొనడం ఇక్కడ గమనింపదగింది. ఆ ఇల్లే క్రమంగా విస్తరించి గవర్నమెంటు హౌస్ అయింది. రెండవ క్లైవు కాలంలో గోల్డింగ్‌హాం నిర్మించిన విందు మందిరం, అనగా నేటి రాజాజీ హాలు, దాని పక్కన లేచింది.

అయితే కోట వెలుపలి నివాసం చాలాకాలం క్షేమకరం కాలేదు. 1767లో టిప్పు అశ్వదళం నగర శివార్ల ఇళ్లను దోచుకొన్నది. 1769లో హైదరలీ శాంతోం దాకా వచ్చాడు. 1780లో మైసూరు దండు భయం మళ్లీ కలిగింది. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత గాని శివారు నేలకు నిశ్చింత రాలేదు. అడయారు ఒడ్డున బ్రాడీ కట్టించిన భవనం వంటివి పద్దెనిమిదో శతాబ్దపు చివరి దశాబ్దానికి చెందినవి కావడం యాదృచ్ఛికం కాదు. ఆశించదగిన పేట అనేది ప్రకృతి ఇచ్చిన వరం కాదు, రాజకీయ భద్రత కల్పించిన విలువ.

ఈ ఇళ్ల నిర్మాణం కూడా వాటి విలువలో భాగమే. గవ్వల సున్నంతో పాలరాతిలా మెరిసే మద్రాసు గచ్చు, ఎత్తైన స్తంభాల వసారా, టేకు దూలాలపై ఇటుకలను నిలువు అంచున ఏటవాలుగా పేర్చి సున్నంతో బిగించిన మద్రాసు మిద్దె వాటి ప్రధాన లక్షణాలు. ఈ పనితనం స్థానిక మేస్త్రులది. యజమాని ఇంగ్లీషువాడైనా, ఇంటి శరీరం చెన్నపట్టణానిదే. కుంపిణీ వ్యాపారంతో ముడిపడిన తెలుగు ద్విభాషీలు, కోమటి వర్తకులు కూడా నగరంలో స్థిరాస్తులు గడించారు. అవధానం పాపయ్య పేరు నేటికీ చూళైలో ఒక వీధికి నిలిచి ఉన్నది.

పంతొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో ఈ విపణి ఒక్కసారిగా పడిపోయిన సందర్భం ఒకటున్నది. 1882లో దివ్యజ్ఞాన సమాజం అడయారులోని హడిల్‌స్టన్ గార్డెన్స్‌ను కొన్నది. 27 ఎకరాల తోట, పెద్ద భవనం తక్కువ ధరకే దొరకడానికి కారణాన్ని ఆల్కాట్ తన జ్ఞాపకాల్లో వివరించాడు. నీలగిరుల పాదం దాకా రైలు వచ్చి ఉదకమండలం అందుబాటులోకి రావడంతో, ఉన్నతోద్యోగులు ఏడాదిలో సగభాగం అక్కడే గడుపుతూ మద్రాసులోని పెద్ద బంగళాలను వదులుకొన్నారనీ, కొనేవారు లేక ధరలు పడిపోయాయనీ ఆయన కథనం. మేట్టుపాళయం దాకా రైలు మార్గం 1873లో వచ్చింది. నాటి 27 ఎకరాలు నేటి లెక్కలో సుమారు 490 గ్రౌండ్లు. అయినా కొన్నవారు ఆ తోటను ముక్కలుగా లెక్కించలేదు. ధర పడిపోయినప్పుడు కూడా తోట, ఇల్లు కలిసే చేతులు మారాయి. ఈ అంశం తరువాతి కాలంతో పోల్చడానికి కీలకమైనది.

1906 అక్టోబరులో అర్బత్నాట్ బ్యాంకు కూలిపోయి అనేక కుటుంబాల పొదుపు నశించింది. అప్పటికే మైలాపూరు, లజ్ ప్రాంతాల్లో భారతీయ న్యాయవాదులు పెద్ద ఇళ్లకు యజమానులవుతున్నారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాది కృష్ణస్వామి అయ్యర్ నివాసం 'ఏకామ్ర నివాస్' లజ్ చర్చి రోడ్డులోనిదే. కాశీనాథుని నాగేశ్వరరావు నివాసం 'శ్రీబాగ్' కూడా మైలాపూరులోనే ఉండేది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన ఒప్పందానికి ఆ ఇంటి పేరే శాశ్వతమైంది. 'భారతి' స్థాపకుని ఇల్లు ఒక రాజకీయ పత్రానికి పేరు కావడంలో విశేషమున్నది. తోట బంగళాకు స్వంత పేరుండటం, ఆ పేరుతోనే అది చిరునామాగా చెలామణి కావడం, దానిని స్థలం నుండి వేరుచేయలేని వ్యక్తిత్వంగా గుర్తించడమే.

గ్రౌండ్ల నగరం

1920 నాటి నగర ప్రణాళిక చట్టం తరువాత 1923 ప్రాంతంలో మాంబలం పథకం మొదలైంది. మైలాపూరుకు పడమట ఉన్న పొడవాటి చెరువును పూడ్చి తీర్చిన నేల మీద త్యాగరాయనగరం వెలిసింది. పేటకు పిట్టి త్యాగరాయ శెట్టి పేరు, మధ్యనున్న ఉద్యానానికి పానగల్లు రాజా పేరు పెట్టారు. ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులు, ఇద్దరూ తెలుగువారు.

ఇక్కడ ఇంటికంటే ముందు స్థలం పుట్టింది. తోట బంగళా విషయంలో ఆవరణ హద్దులను చెరువు, కాలువ, బాట నిర్ణయించగా, త్యాగరాయనగరంలో హద్దులను ప్రణాళికా పటం నిర్ణయించింది. కొనుగోలుదారు ముందు గ్రౌండ్లు కొని, తరువాత ఇల్లు కట్టుకొన్నాడు. తోట పెరటిగా కుదించుకుపోయింది. ఇంటి నిర్మాణంలో వసారా మిగిలినా, వంపు మూలలు, గీతల అలంకారం ఉన్న కొత్త శైలి ప్రవేశించింది. చలనచిత్ర పరిశ్రమతో పాటు వచ్చిన తెలుగు నటులు, రచయితలు, గాయకులు ఈ పేటలో, దాని చుట్టుపక్కల స్థిరపడ్డారు. బజుల్లా రోడ్డులోని ఎన్.టి. రామారావు ఇల్లు ఆంధ్రదేశం నుండి వచ్చే యాత్రికులకు ఒక దర్శనీయ స్థలమైంది.

అయినా ఈ దశలో ఇల్లు విలువలేని వస్తువు కాలేదు. కొన్నవాడు అందులో కాపురముండటానికే కొన్నాడు. స్థలం, కట్టడం అనే రెండు లెక్కలు ఏర్పడ్డాయి కాని, ఒకటి మరొకదానికి విరోధి కాలేదు. ఆ విరోధం 1960 తరువాతి చట్టాలు తెచ్చినది.

చట్టం దృష్టిలో విడిపోయిన ఇల్లు

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అద్దెల పెంపును, కాపురస్థులను ఖాళీ చేయించడాన్ని కట్టడి చేసింది. కాపురస్థులకు అది న్యాయమైన రక్షణే. కాని పాత ఇంటిని అద్దెకిచ్చి, ఆ ఆదాయంతో మరమ్మతులు చేయించే మార్గం యజమానికి ఇరుకైంది.

1966 నాటి పట్టణ భూమి పన్ను చట్టం మరింత మౌలికమైన మార్పు తెచ్చింది. అది భూమి విపణి విలువపై నూటికి 0.4 వంతున పన్ను విధించింది. ఆ భూమిపై ఎలాంటి కట్టడమున్నదన్నది పన్ను లెక్కకు ఆధారం కాదు. భూములు, భవనాలపై పన్ను వేసే అధికారం కింద భూమిని మాత్రమే విడదీసి పన్ను వేయవచ్చునా అనే ప్రశ్న న్యాయస్థానాలకు చేరింది. 1969లో సుప్రీంకోర్టు బకింగ్‌హాం కర్ణాటిక్ మిల్లుల వ్యాజ్యంలో ఈ చట్టాన్ని సమర్థించింది. పదిహేను గ్రౌండ్ల తోటలో ఒకే కుటుంబం ఉన్నా, అంతే స్థలంలో వ్యాపార భవనమున్నా, పక్కపక్కనే ఉంటే నేల విలువ ఒక్కటే కాబట్టి పన్నూ ఒక్కటే. ఆ భారాన్ని మోయగల ఆదాయం మాత్రం ఒక్కటి కాదు.

1967లో మద్రాసు సవరణ ద్వారా స్టాంపు చట్టంలో 47-ఎ సెక్షను చేరింది. దస్తావేజులో తక్కువ ధర చూపిస్తే విపణి విలువను నిర్ణయించి లోటు సుంకం వసూలు చేసే అధికారం ప్రభుత్వానికి లభించింది. ఆదాయం ఎగవేతను అరికట్టడానికి అది అవసరమే. దాని అమలు క్రమంగా వీధివారీ గైడ్‌లైన్ విలువలకు దారితీసింది. ఆ పట్టికలో వీధికి ఒక ధర ఉంటుంది, ఇంటి పేరుకు ధర ఉండదు. కట్టడం విలువ కట్టేటప్పుడు దాని వయసు తరుగుదల అవుతుంది. అందుచేత నూరేళ్ల మద్రాసు మిద్దె ప్రభుత్వ లెక్కలో దాదాపు విలువ లేనిదిగా తేలుతుంది.

1978 నాటి తమిళనాడు పట్టణ భూమి గరిష్ఠ పరిమితి చట్టం తోట మీద నేరుగా పనిచేసింది. కట్టడం ఉన్న చోటును, దానికి అనుబంధంగా పరిమిత స్థలాన్ని మినహాయించి, మిగిలినదాన్ని ఖాళీ స్థలంగా లెక్కించింది. వీరాస్వామయ్య తోట అన్నది చట్టం భాషలో ఖాళీ అయింది. సామాజిక న్యాయం దృష్టితో తెచ్చిన ఈ చట్టం 1999లో రద్దయ్యే నాటికి పెద్ద ఆవరణలు గల యజమానులు విభజించి అమ్మడమే క్షేమమనే నిర్ణయానికి రావడానికి తోడ్పడింది. జమీందారీల రద్దుతో ఆదాయం కోల్పోయి, నగర గృహాలను మాత్రం నిలుపుకొన్న కోస్తా జమీందారీ కుటుంబాలకు ఈ ఒత్తిడి రెట్టింపైంది.

మరో అంశం నిర్మాణ నిబంధనలది. స్థలానికి ఒకటిన్నర రెట్లు అంతస్తుల వైశాల్యం కట్టుకోవచ్చునన్నది చాలాకాలం సాధారణ నివాసాలకు వర్తించిన ప్రమాణం. ఉదాహరణకు అయిదు గ్రౌండ్ల స్థలంలో 4,000 చదరపు అడుగుల పాత ఇల్లున్నదనుకొందాం. స్థలం 12,000 చదరపు అడుగులు కాబట్టి అనుమతించే కట్టడం 18,000 చదరపు అడుగులు. పాత ఇల్లు నిలిచి ఉన్నంత కాలం 14,000 చదరపు అడుగులు వినియోగం కాకుండా ఉన్నట్లే. 2019 నిబంధనలు సాధారణ ప్రమాణాన్ని రెండు రెట్లకు పెంచడంతో ఆ అంకె 20,000 అయింది. ఇంట్లో ఏ మార్పూ లేదు, గోడకు చిన్న పగులు కూడా రాలేదు. అయినా కాగితం మీద దాని వల్ల కలిగే 'నష్టం' ఒక్కరోజులో పెరిగింది.

దస్తావేజులో మాయమైన ఇల్లు

ఈ కారణాల సమష్టి ఫలితం క్రయదస్తావేజు స్వరూపంలో స్పష్టమవుతుంది. చెన్నైలో ఫ్లాట్ల నిర్మాణం విస్తరించిన కాలంలో ఒక పద్ధతి స్థిరపడింది. మొదటి షెడ్యూలులో మొత్తం స్థలాన్ని, రెండో షెడ్యూలులో కొనుగోలుదారుకు చెందే అవిభాజ్య వాటాను వర్ణించేవారు. క్రయదస్తావేజు ఆ వాటాకే రిజిస్టరయ్యేది. కట్టబోయే ఫ్లాటుకు ప్రమోటరుతో వేరే నిర్మాణ ఒప్పందం ఉండేది. స్టాంపు సుంకం తగ్గించుకోవడం దీని తక్షణ ప్రయోజనం. చరిత్రకారునికి కనిపించేది వేరొకటి. కొన్నవాడు కాపురముండబోయే ఇల్లు క్రయదస్తావేజులో లేదు. అమ్మినవాడు తరతరాలు కాపురమున్న ఇల్లు కూడా లేదు. ఉన్నదల్లా నేలలో ఒక భిన్నం.

పాత ఇల్లు అప్పుడు మరో విపణికి పోతుంది. కూల్చివేత గుత్తేదారు దాని టేకు దూలాలకు, తలుపులకు, స్తంభాలకు, ఇనుప కమ్మీలకు వెలకట్టి తీసుకుపోతాడు. అవి పాత కలప దుకాణాలకు, అక్కడి నుండి కొత్త హోటళ్లకు, విడిది గృహాలకు చేరుతాయి. పాత ఇంటి అందాన్ని ఇష్టపడేవారు లేరనడం దీనివల్ల సరికాదు. వారు తలుపును కొనగలరు, స్తంభాన్ని కొనగలరు, ఇంటిని కొనలేరు. ఇంటిని ఇంటిగా కొనాలంటే, దాని స్థానంలో లేవగల 18,000 చదరపు అడుగుల ధర చెల్లించాలి.

పేర్లు మాత్రం ఇళ్లకంటే ఎక్కువ కాలం బతికాయి. రాయపేటలో 'ఉడ్‌ల్యాండ్స్' అనే పాత ఇంట్లో 1938లో మొదలైన హోటలు ఆ పేరును వేరే చోటికి తీసుకుపోయింది. ఇంటి పేరు విడిగా ప్రయాణించగలిగిందంటే, ఇల్లు, నేల, పేరు అనే మూడూ విడివిడి వస్తువులుగా మారాయన్నమాట.

రక్షణ ప్రయత్నాలు, వాటి పరిమితి

వారసత్వ కట్టడాల రక్షణకు నియమాలు రాలేదనడానికి వీల్లేదు. ముంబయిలోను, హైదరాబాదులోను 1995లో అటువంటి నిబంధనలు వచ్చాయి. హైదరాబాదు పట్టికకు ఆధారమైన 13వ నిబంధనను 2015లో తొలగించారు. చెన్నైలో 2010 నాటి హైకోర్టు తీర్పు జస్టిస్ పద్మనాభన్ సంఘం రూపొందించిన నాలుగు వందలకు పైగా కట్టడాల జాబితాకు ప్రాముఖ్యం కల్పించింది. 2012లో తమిళనాడు వారసత్వ సంఘ చట్టం వచ్చింది.

అయితే ఈ పట్టికలు కూల్చవద్దని చెప్పగలవు కాని, కూల్చకుండా ఉండటం వల్ల యజమాని కోల్పోతున్నదానిని తిరిగి ఇవ్వడంలో బలహీనంగా ఉన్నాయి. పన్ను, స్టాంపు, నిర్మాణ నిబంధనలు నేలకు మాత్రమే విలువ కడుతుండగా, ఒక్క వారసత్వ నియమం ఇంటికి విలువ ఉన్నదనడం ఒకే ప్రభుత్వం రెండు నోళ్లతో మాట్లాడటమే. కాబట్టి సొంత ఇల్లు పట్టికలో చేరడాన్ని యజమాని గౌరవంగా కాక శిక్షగా భావిస్తే, ఆ తప్పును అతని అభిరుచికి అంటగట్టలేము. ప్రైవేటు యజమాని సంగతి అటుంచితే, 1753లో 3,500 వరహాలకు కొన్న గవర్నమెంటు హౌస్‌నే కొత్త శాసనసభా భవనం కోసం ప్రభుత్వం కూల్చివేసింది. 2010లో ప్రారంభమైన ఆ కొత్త భవనం తరువాత ఆసుపత్రిగా మారింది. విందు మందిరం మిగిలింది, అది ఏ ఇంటికి చెందినదో ఆ ఇల్లు లేదు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. మొదటిది, మద్రాసు తోట బంగళాలు కనీసం నూటయాభై ఏళ్ల పాటు యుద్ధభయాన్ని, ధరల పతనాన్ని, బ్యాంకుల దివాలాను తట్టుకొని ఇళ్లుగానే చేతులు మారాయి. విక్రయం వాటికి శత్రువు కాదు. రెండవది, వాటి వినాశానికి మూలం 1960–1978 మధ్య వచ్చిన చట్టాలు భూమిని, కట్టడాన్ని, తోటను వేర్వేరు లెక్కలుగా విడదీయడంలో ఉన్నది. ఆ చట్టాల్లో ప్రతిదానికీ సమర్థనీయమైన ప్రయోజనమున్నది. వాటి కలయిక ఎవరూ ఉద్దేశించని ఫలితాన్నిచ్చింది. మూడవది, విలువ కట్టే పద్ధతిని మార్చకుండా పట్టికలతో మాత్రమే పాత ఇళ్లను నిలపడం కష్టం. నిలిచి ఉన్న పాత ఇంటికి భూమి పన్నులోనూ, స్టాంపు సుంకంలోనూ మినహాయింపు ఇవ్వడం, వాడుకోని నిర్మాణ హక్కును మరోచోటికి బదిలీ చేసుకోనివ్వడం తొలి మెట్లు కావాలి.

తెలుగు పరిశోధకునికి ఇందులో ప్రత్యేకమైన పని ఒకటున్నది. మద్రాసులోని తెలుగు ముద్రాపకులు, రచయితలు, ద్విభాషీలు, చిత్రకళాకారులు నివసించిన ఇళ్లలో అనేకం ఇప్పుడు లేవు. వాటి దస్తావేజులు మాత్రం రిజిస్ట్రారు కార్యాలయాల పుస్తకాల్లో ఉండవలసినవి. హద్దుల వర్ణనలో పొరుగింటివారి పేర్లు, బావులు, చెట్లు, గుళ్లు, దారులు నమోదై ఉంటాయి. శాసనాలను చదివినంత శ్రద్ధతో ఈ పత్రాలను చదివితే, ఏ వీధిలో ఎవరి పక్కన ఎవరున్నారో, ఏ ఇంట్లో ఏ ముద్రణాలయం నడిచిందో కూర్చవచ్చు. అష్టభోగాల దస్తావేజు నుండి అవిభాజ్య వాటా దస్తావేజు దాకా వచ్చిన భాషాపరిణామం స్వతంత్ర పరిశోధనకు తగిన విషయం. ఇల్లు పోయిన చోట అది ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పగల సాక్ష్యం ఆ నాలుగు హద్దుల్లోనే మిగిలి ఉన్నది.